ఇద్దరూ పొద్దున్నే రైలెక్కి, ఓ ఊరు చూసి, రాత్రికి ఇల్లు చేరేలా

ముందు తిరుగు రైలు తేల్చుకోండి, పొద్దున్న ఎక్కేది తర్వాత. ఆఖరి రైలు నమ్ముకోవద్దు, దానికి ముందుదానికే టికెట్ తీసుకోండి. అది తప్పినా ఇంకోటి ఉంటుంది.

చూసేవి రెండు చాలు, అవీ పక్కపక్కన ఉన్నవే. రోజంతా కరిగిపోయేది మధ్య ప్రయాణాల్లోనే: మ్యాపు 20 నిమిషాలంటుంది, మెట్లు, క్యూ, దారి వెతుకులాట కలిస్తే 40. మ్యూజియమైతే తెరిచే వేళకే వెళ్లాలి. చాలావాటికి వారంలో ఒకరోజు సెలవు, ముందే చూసుకోండి. మధ్యాహ్నం గంటన్నర ఏ పనీ పెట్టుకోకండి. (ఇద్దరిలో ఒకరికి ఇది దండగనిపిస్తుంది, కాళ్లు లాగేదాకా.)

టికెట్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. మ్యాపు వాడే ఫోన్ సాయంత్రానికి చచ్చిపోతుంది. పెద్ద స్టేషన్లో గేటు నుంచి ప్లాట్‌ఫారానికే 10 నిమిషాలు నడక, అందుకే అరగంట ముందే చేరండి.