సగం ధరకి స్టెయర్ పిస్టల్

బెంగళూరు వచ్చాక నేను చేసిన బేరాల్లో ఇదే బెస్ట్. షూటింగ్ పోటీల్లో వాడే స్టెయర్ ఎల్‌పీ 10 ఎయిర్ పిస్టల్, సెకండ్ హ్యాండ్. కొత్తదాని ధరలో సగం కూడా పడలేదు.

అమ్మింది మల్లేశ్వరంలో ఉండే మన నెల్లూరు అమ్మాయి. ఎమ్మెస్‌కి వెళ్తోంది. "రోజూ ప్రాక్టీస్ చేస్తానంటేనే ఇస్తానంకుల్, షోకేస్‌లో పెట్టుకోడానికైతే వద్దు" అని ముందే చెప్పేసింది. ఎంత ముచ్చటగా దాచుకుందో! చెక్క గ్రిప్ మీద అరచెయ్యి ఆనే చోట తప్ప ఎక్కడా గీత లేదు.

నేను మాత్రం ముందు సిలిండర్ తిప్పి తేదీ చూశాను. అందులో గాలి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది, తయారైన పదేళ్లకి గడువు తీరిపోతుంది. ఆ తర్వాత పోటీల్లో ఒప్పుకోరు. దీని మీద 2021 అని ఉంది, హమ్మయ్య. తర్వాత ట్రిగ్గర్. రూల్ ప్రకారం కనీసం 500 గ్రాముల బరువు పడినా పేలకుండా ఆపాలి. రేంజ్‌లో కోచ్ గారు బరువు వేలాడదీసి చూశారు, ఆగింది.

అసలు టెన్షన్ ఇంట్లోనే. అమ్మ ఫోన్‌లో "పిస్తోలా? ఎవరి మీద పగరా నీకు?" అంది. 4.5 మిల్లీమీటర్ల గాలి పిస్టల్, శక్తి 20 జౌళ్ల లోపే, లైసెన్స్ కూడా అక్కర్లేదమ్మా అంటే వినదే! పారిస్‌లో 2024లో మను భాకర్‌కి కాంస్యాలు తెచ్చిన ఆట ఇదేనని చెప్పాక కాస్త మెత్తబడింది.

పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లే. నాకింకా ఎనిమిదులే పడుతున్నాయి.