తాతయ్యా అన్న ఒక్క పిలుపు

ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు.

బల్ల మీద నాలుగు ఏ4 కాగితాలు పక్కపక్కన అతికించిన చార్టు. పెన్సిలు, రబ్బరు, నలుపు నీలం ఎరుపు పెన్నులు. ఈరోజు పని డాక్టర్ హూ వంశవృక్షం గీయడం. అది బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్; కాలంలో ప్రయాణించే 'డాక్టర్' అనే గ్రహాంతరవాసి కథ. చావు దగ్గరికొస్తే ఆయన రూపం మార్చుకుంటాడు, అప్పుడు నటుడూ మారతాడు. పేర్లు ముందు పెన్సిలుతోనే రాయాలి. ఈ సీరియల్‌లో ఇంకుతో రాసిన చుట్టరికం రెండు సీజన్లు నిలిస్తే గొప్ప.

మొదటి గడి సులువు. 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం, బీబీసీ. లండన్‌లోని కోల్ హిల్ స్కూల్లో చదివే పదిహేనేళ్ల సూసన్. 76 టాటర్స్ లేన్‌లో పాత సామాన్ల యార్డు, అందులో పోలీస్ బాక్సు ఆకారంలో కాలంలో తిరిగే వాహనం, దాని యజమాని ఒక చిరాకు ముసలాయన, ఆయనే డాక్టర్. ఆయన్ని ఆ పిల్ల 'గ్రాండ్‌ఫాదర్' అని పిలుస్తుంది. అసలు ఈ చుట్టరికం కథకు అవసరమై పుట్టింది కాదు. ఏ సంబంధమూ లేని ముసలాయన, టీనేజీ పిల్ల కలిసి లోకాలు తిరగడం చూసేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుందని, స్క్రిప్టు రాసిన ఆంథొనీ కోబర్న్ ఆమెను మనవరాలిని చేశాడు. (ఆ తొలి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. పుట్టింది మన లక్నోలో.)

మర్యాద కోసం వేసిన ఆ ముడే ఇన్నేళ్లుగా విప్పలేని ముడి అయింది. మనవరాలుందంటే మధ్యలో ఒక తరం ఉండి తీరాలి. కొడుకో, కూతురో, కోడలో, అల్లుడో. ఆ గడి 60 ఏళ్లు దాటినా ఖాళీ. చార్టు గీసేటప్పుడు అక్కడ కనీసం మూడు వేళ్ల వెడల్పు చోటు వదలాలి. ఇరుకుగా గీస్తే తర్వాత కాగితం చింపుకోవాల్సిందే.

తెలుగులో చెప్పేవాడికి ఇక్కడ ఒక అదృష్టం. మనకు అమ్మమ్మ వేరు, నానమ్మ వేరు. తాతయ్య మాత్రం రెండు వైపులా తాతయ్యే. కాబట్టి సూసన్ ఎవరి కూతురో తేల్చకుండానే తప్పించుకోవచ్చు. అదే ఆ పెట్టెలో ముసలావిడ ఉండుంటే మొదటి మాటకే దొరికిపోయేవాళ్లం. 2018లో పంజాబ్ విభజన మీద వచ్చిన ఎపిసోడ్ చూడండి. డాక్టర్ వెంట తిరిగే యాజ్ తన ఇంట్లోని ముసలావిడను 'నానీ' అంటుంది. అంతే, అమ్మ తరఫు అని తేలిపోయింది. ఒక్క పిలుపుతో సగం చార్టు నిండిపోయింది. 1963 నాటి ఇంగ్లిష్ పిలుపు ఆ పాటి సాయం కూడా చెయ్యలేదు.

ఇక నిలువు గడులు. మూడుండాలి. నలుపులో ప్రసారమైన తేదీ, నీలంలో డాక్టర్ జీవితంలో ఆ ఘటన వరస, ఎరుపులో ఎదుటివాళ్ల జీవితంలో దాని వరస. చాలామంది నలుపుతోనే సరిపెడతారు. సూసన్ దాకా పర్వాలేదు గానీ, తర్వాత డాక్టర్ భార్య అయ్యే రివర్ సాంగ్ దగ్గరికొచ్చేసరికి చార్టు చేప ముళ్లలా తయారవుతుంది.

రివర్ తెర మీద మొదట కనిపించింది 2008 మే 31న. ఆ కథ ముగిసేసరికి చనిపోతుంది. అంటే మనకు తొలి పరిచయం, ఆమెకు తుది ఘట్టం. నేనూ డాక్టరూ కాలంలో ఎదురెదురు దిక్కుల్లో ప్రయాణిస్తున్నాం అని ఆమే చెబుతుంది. దాన్ని నమ్మి ఎరుపు వరసను నలుపుకి సరిగ్గా తిరగేసి రాస్తే కొంతదూరం నడుస్తుంది. 2010 ఏప్రిల్‌లో దేవదూతల బొమ్మల కథ, జూన్‌లో పాండోరికా అనే పెట్టె కథ. ఆమెకు పాండోరికా ముందు, బొమ్మలు తర్వాత. సరిపోయింది. 2011 జూన్ 4న ఆమె పుట్టుక గుట్టు తేలింది. ఇదీ సరిపోయింది. 2012 సెప్టెంబర్ 29న మాన్‌హాటన్ కథలో మాత్రం ఆమె జైలు నుంచి విడుదలై ప్రొఫెసర్ అయిపోయి కనిపిస్తుంది. తిరగేసిన వరస అక్కడ ఫట్‌మంటుంది. అందుకే ఎరుపు వరస విడిగా రాసుకోవాలి: పుట్టుక, 1969 అమెరికాలో వ్యోమగామి సూటులో పిల్ల, లెడ్‌వర్త్ అనే ఊళ్లో మెల్స్ అన్న పేరుతో బాల్యం, రివర్‌గా మారడం, యూటా చెరువు గట్టు, జైలు, పాండోరికా, బొమ్మలు, మాన్‌హాటన్, డరిలియం గ్రహం, చివరికి ఆమె చనిపోయిన 2008 కథలోని గ్రంథాలయం.

సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే ఇంకో తంటా. రివర్ తల్లి ఎమీ పుట్టింది 1989లో. కూతురు 1969లో నడుచుకుంటూ తిరుగుతోంది. బిడ్డ తల్లికంటే పెద్దదని హెచ్చరిక రావడం ఖాయం. పైగా పేరు సంగతి. ఎమీ తన చిన్ననాటి స్నేహితురాలు మెల్స్ పేరునే బిడ్డకు పెట్టుకుని మెలొడీ అంది. ఆ మెల్స్ ఎవరయ్యా అంటే ఆ బిడ్డే. మరి పేరు మొదట ఎవరు పెట్టినట్టు? బాణం గుర్తు తిరిగి తిరిగి తన తోకనే పట్టుకుంటుంది. ఇక్కడ గీత గీయకుండా సున్నా చుట్టి వదిలెయ్యడమే పద్ధతి.

2011 అక్టోబర్ 1న డాక్టర్‌కి రివర్‌తో పెళ్లయింది. దాంతో ఎమీ అత్తగారు, ఆమె భర్త రోరీ మామగారు. ఈ అల్లుడు అత్తగారిని మొదటిసారి చూసినప్పుడు ఆవిడకు ఏడేళ్లు. అర్ధరాత్రి వంటింట్లో ఆ పిల్ల పెట్టినవన్నీ వద్దని, ఫిష్ ఫింగర్లు కస్టర్డ్‌లో ముంచుకుని తిన్నాడు. అల్లుడి మర్యాదలు అప్పుడే మొదలయ్యాయన్నమాట.

ఇంత గజిబిజిలోనూ రివర్ అప్పు తీరింది. 2008లో చనిపోయే ముందు ఆమె ఒక మాట చెబుతుంది. చివరిసారి డాక్టర్ కొత్త సూటు, కొత్త క్రాపుతో వచ్చి డరిలియంలో పాడే గోపురాలు చూపించాడని, కన్నీళ్లు పెట్టుకున్నాడని, తన స్క్రూడ్రైవర్ ఇచ్చాడని. ఆ రాత్రి తెర మీదకు వచ్చింది ఏడేళ్ల తర్వాత, 2015 క్రిస్మస్‌కి. డరిలియంలో ఒక రాత్రి అంటే 24 ఏళ్లు అని చివర్లో కలిపారు. ఉన్న మాట చెరపకుండా దాన్ని వెడల్పు చెయ్యడం అంటే ఇదీ. ఈ గడి ఇంకుతో రాయొచ్చు.

మధ్యాహ్నం అంకెల వంతు. వీటి మీద ఎక్కువ కుస్తీ అనవసరం. 1967లో డాక్టర్ వయసు 450. 1987లో 953. 2005లో 900. వయసు తగ్గిందన్నమాట, ఎవరికీ నిద్ర చెడలేదు. టైమ్ లార్డులు (డాక్టర్ జాతివాళ్లు) పన్నెండుసార్లే రూపం మారగలరని 1976లో గీత గీశారు. 2013 క్రిస్మస్‌లో ఆ లెక్క నిండిందని చెప్పి కొత్త కోటా ఇచ్చేశారు. అంకె ఒప్పుకోకపోతే దాటెయ్యొచ్చు, సర్దెయ్యొచ్చు. 60ల్లో పాత టేపులు చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు, పునఃప్రసారాలూ అరుదు. ముందటేడు ఏమన్నారో సరిచూసుకునే దారి రాసేవాళ్లకూ లేదు, చూసేవాళ్లకూ లేదు.

అంకె విరిగినా బంధం నిలుస్తుందనడానికి డాక్టర్ స్నేహితుడైన సైన్యాధికారి, బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టువర్ట్ ఇంటిని మించిన రుజువు లేదు. 1968లో సొరంగాల కథలో, 1935 నాటి ఘటనలు జరిగి 40 ఏళ్లు దాటిందంటారు. అంటే 1975 అయినా కావాలి. బ్రిగేడియర్ మళ్లీ కనిపించిన కథలో, అది జరిగి నాలుగేళ్లయిందంటాడు. 1979. 1975లో డాక్టర్ సహచరి సారా జేన్, నేను 1980 నుంచి వచ్చాను అంటుంది. తీరా 1983లో వచ్చిన కథలో బ్రిగేడియర్ 1976లోనే రిటైరై, 1977లో స్కూల్లో లెక్కలు చెబుతుంటాడు. ఉద్యోగం పూర్తిగా చెయ్యకముందే పదవీ విరమణ! ఏ రకంగా కూడినా నాలుగైదేళ్లు తేడా వస్తుంది. 2008లో డాక్టర్ చేతే 'డెబ్బైల్లోనా, ఎనభైల్లోనా' అని తడబడేలా అనిపించి చేతులు దులుపుకున్నారు. ఇక్కడ రాయాల్సింది ఒక సంవత్సరం కాదు, '1970ల చివర' అని పెన్సిలుతో ఒక పొడుగు గీత.

ఆయన కూతురు కేట్ గురించి మాత్రం ఎవరికీ తగువు లేదు. విచిత్రమేమిటంటే ఆమె పుట్టింది బీబీసీలో కాదు. 1995లో అభిమానుల కోసం నేరుగా వీడియోగా వచ్చిన కథలో, మార్క్ ప్లాట్ కలం నుంచి. 2012లో అసలు సీరియల్ ఆమెను ఇంట్లోకి పిలుచుకుంది. నాన్న పేరుతో పనులు కాకూడదని లెత్‌బ్రిడ్జ్ తీసేసి ఉత్త స్టువర్ట్ ఉంచుకుందట. అదే ప్లాట్ 1997లో రాసిన నవలలో, టైమ్ లార్డులు మగ్గాల్లాంటి యంత్రాల్లోంచి పెద్దవాళ్లుగానే తయారవుతారని, సూసన్ డాక్టర్‌కి సొంత మనవరాలు కాదని తేల్చాడు. తెర దాన్ని పట్టించుకోలేదు. ఒకే రచయిత. కలిపిన చుట్టం నిలిచింది, తెంపిన చుట్టరికం చెల్లలేదు. చార్టులో నవలలకు, ఆడియో కథలకు విడిగా చుక్కల గీతలు పెట్టుకోవాలి. ఏది లెక్కలోకి వస్తుందో బీబీసీ ఎన్నడూ పట్టీ ఇవ్వలేదు.

జెన్నీ గడి చిన్నది. 2008 మే 10న డాక్టర్ చేతి కణజాలం లాగి యంత్రం తీసిన కూతురు. చనిపోయి, లేచి, రాకెట్ ఎక్కి పోయింది. సీరియల్‌లోకి మళ్లీ రాలేదు. తెర బయటి చుట్టరికమే దీనికంటే గమ్మత్తు. జెన్నీగా వేసిన జార్జియా మాఫెట్, అయిదో డాక్టర్ పీటర్ డేవిసన్ కూతురు. 2011 డిసెంబర్‌లో పదో డాక్టర్ డేవిడ్ టెన్నెంట్‌ని పెళ్లాడింది. కథలో మామా అల్లుళ్లు ఒకే మనిషి, కూతురే పెళ్లాం. దీన్ని చార్టు వెనక రాసుకోవడం క్షేమం.

2020లో పైకొమ్మ మొత్తం మారింది. డాక్టర్ ఎక్కడినుంచో దొరికిన బిడ్డ అని, టెక్టియన్ అనే ఆవిడ పెంచిందని, తొలి డాక్టర్‌కి ముందే ఎన్నో జన్మలున్నాయని. ఆ పాత జన్మల్లో ఒకరైన, జో మార్టిన్ వేసిన డాక్టర్ వాహనం కూడా పోలీస్ బాక్సు ఆకారంలోనే ఉంది. కానీ ఆ ఆకారం 1963లో ఆ యార్డులో ఇరుక్కుందని తొలి కథలోనే ఉంది, తర్వాతి ఎపిసోడ్‌లో రూపు మారలేదేమని డాక్టరే ఆశ్చర్యపోతాడు. మరి అంతకుముందే బాక్సెలా వచ్చింది? చూడగానే గుర్తుపట్టాలి కాబట్టి పెట్టేశారు, మరో కారణం కనబడదు.

చీకటి పడేసరికి మళ్లీ ఆ ఖాళీ గడి. 1964 డిసెంబర్ 26న డాక్టర్ మనవరాలిని డేవిడ్ అనే కుర్రాడి దగ్గర వదిలి, బయట నిలబెట్టి తలుపేసుకుని, ఏదో ఒక రోజు తిరిగొస్తానని చెప్పి వెళ్లాడు. 1983లో ఇరవయ్యో వార్షికోత్సవ కథలో ఆమె వచ్చింది గానీ, మొగుడి ఊసు లేదు, కాపురం ఊసు లేదు. 2006లో ఆయన ఒకప్పుడు నేనూ తండ్రినే అన్నాడు. 2017లో డాక్టర్ బల్ల మీద సూసన్ ఫొటో. 2024లో కేట్, మనవరాలుంది గానీ పిల్లలు లేరా అని అడిగితే ఇంకా లేరు అన్నాడు. ఒకప్పుడు, ఇంకా. ఈ రెండు మాటలూ ఒకే గడిలో పట్టాలి. 900ని 953 పక్కన పెట్టినంత తేలిక కాదిది.

2025 మే 17న సూసన్ మెరుపులా కనిపించి, నన్ను వెతుకు అంది. నటి అదే కారొల్ ఆన్ ఫోర్డ్, 1963లో 23 ఏళ్లు, అప్పటికి 84. రెండు వారాలకు, మే 31న, డాక్టర్ రూపం మారింది. వెతకనే లేదు. ఆ ఎపిసోడ్‌లోనే పాపీ అనే పాప ఉంది. మారిన లోకంలో డాక్టర్‌కీ ఆయన సహచరి బెలిండాకీ కూతురు, లోకం సర్దుకున్నాక బెలిండాకీ ఆమె పాత స్నేహితుడికీ కూతురు. పాపీకి డాక్టర్ నుంచి చుక్కల గీత వేసి, బెలిండా నుంచి పూర్తి గీత వేసి, పైన మూడు వేళ్ల ఖాళీ అలాగే ఉంచి చార్టు చుట్టేశాం.