నీలిగడ్డం కథను విజయనగరంలో చూపించడానికి పడిన పాట్లు

నీలిగడ్డం కథను లఘుచిత్రంగా తీసి, మా ఊళ్లో పదిమందికీ చూపించే పని ఈ వారమే పూర్తయింది. ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేయించిన ఆ కథలో భర్త తాళాల గుత్తి భార్య చేతికిచ్చి, ఒక్క గది మాత్రం తెరవవద్దంటాడు. తెరిచిన ఆమెకు అతడు చంపిన పాత భార్యల శవాలు కనబడతాయి. చేజారి నెత్తుటిలో పడిన తాళంచెవి మీది మరక ఎంత తోమినా పోదు. మేము ఆ మరకనే పట్టుకున్నాము. మా చిత్రంలో కోడలు పెరట్లో కూర్చుని తాళంచెవి తోముతుంటే, చింతపండు పెట్టమని ఒకరు, బూడిదతో రుద్దమని ఒకరు, నిమ్మచెక్క మేలని మరొకరు సలహా ఇస్తారే తప్ప, ఆ నెత్తురు ఎవరిదని ఒక్కరూ అడగరు. ఆ దృశ్యం మాత్రం మేము చాలా బాగా తీశాము.

చిత్రీకరణకు బంధువుల పెంకుటిల్లు దొరికింది. ఎడిటింగు ఫోనులోనే అయిపోయింది. అసలు అవమానం హాలు అనుమతి దగ్గర ఎదురైంది. అక్కడి కార్యాలయంలో ఒక పెద్దమనిషి చిత్రాన్ని సగంలో ఆపించి, "ఏటమ్మా, మొగుడు పెళ్లాన్ని కొట్టడం నవ్వులాటేటి?" అన్నారు. మేము నవ్వించేది దెబ్బలను చూసి కాదనీ, వాటిని కప్పిపుచ్చే వాళ్లను చూసి అనీ నేను చెబుతుండగానే, "మీ ఇంట్లోనూ ఇలాగేనా?" అని అందరి ముందూ అడిగారు. ఆ తరువాత, అభ్యంతరం లేదని మా ఆయన సంతకంతో ఉత్తరం తెమ్మన్నారు. భార్య ఏ తలుపు తీయాలో భర్త నిర్ణయించే కథను చూపించడానికి భర్త అనుమతి కావాలనడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మా ఆయన సంతకం పెడతానన్నారు, నేనే వద్దన్నాను. పసిపిల్లలను ముసలివాళ్లకు అమ్ముకునే దురాచారాన్ని కడుపుబ్బ నవ్విస్తూ ఎండగట్టిన కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే కదా!

చివరకు తెలిసినవారి ట్యూషన్ సెంటరు మేడ మీద తెర కట్టి చూపించాము. చింతపండు దగ్గర ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ప్రదర్శన అయ్యాక ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలని అడిగారు. 2005 నాటి గృహహింస చట్టం కింద, ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రభుత్వం నియమించే రక్షణాధికారిని నేరుగా కలవవచ్చని చెప్పాను. ఇలాంటి చిత్రం తీసేవారు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరును చివర తప్పక వేయండి, రాసుకునేంతసేపు తెర మీద ఉంచండి. హాలు ఇవ్వకపోతే కారణం కాగితం మీద ఇమ్మని అడగండి. నేను అడిగాను, ఇంకా ఇవ్వలేదు.