ఇన్-ఎన్-అవుట్‌లో మొదటిసారి, బీఫ్ తినకుండా

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళకి కౌంటర్ ముందు నిలబడి ఆర్డర్ చెప్పడం ఎంత టెన్షనో, ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు మర్చిపోతుంటారు. వెనకాల లైను, పైన ఈ మూల నుంచి ఆ మూల దాకా మెనూ బోర్డు, ఒక ప్రశ్నకి జవాబు చెప్పేలోపే ఇంకో ప్రశ్న, ఏ బ్రెడ్డు, ఏ చీజు, ఏ సాసు. పొద్దున క్లయింటుతో గంటసేపు మాట్లాడిన మనిషికి కూడా అక్కడ నోరు పెగలదు. పైగా నేను బీఫ్ తినను, ఇక్కడ బర్గర్ అంటే మామూలుగా బీఫే. అందుకే చాలాకాలం అటువైపు వెళ్ళలేదు.

తీసుకెళ్ళింది మా టీమ్‌లో ఒకతను, కాలిఫోర్నియాలోనే పుట్టి పెరిగాడు. ఆ రోజు ఆఫీసులో ప్రాజెక్టు రిలీజ్ ఉంది, అయ్యేసరికి అర్ధరాత్రి కావొచ్చింది, అందరికీ ఆకలి. ఇన్-ఎన్-అవుట్ అనే బర్గర్ల షాపు రాత్రి ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడికే పోదామన్నాడు. నా సంగతి చెప్తే, "గ్రిల్డ్ చీజ్ అని అడుగు, బోర్డు మీద ఉండదు, అయినా ఇస్తారు" అన్నాడు.

లోపలికెళ్ళి బోర్డు చూడగానే ప్రాణం కుదుటపడింది. హాంబర్గర్, చీజ్‌బర్గర్, డబుల్-డబుల్ (రెండు మాంసం బిళ్ళలు, రెండు చీజ్ ముక్కల బర్గర్), ఫ్రైస్, షేకులు, డ్రింకులు. అంతే, చికెన్ కూడా లేదు. 1948లో హ్యారీ, ఎస్తేర్ స్నైడర్ దంపతులు లాస్ ఏంజెలెస్ దగ్గర బాల్డ్విన్ పార్క్‌లో పెట్టిన దుకాణం ఇది, ఇన్నేళ్ళలో ఇంత పెద్ద చెయిన్ అయినా మెనూ మాత్రం పెద్దగా పెరగలేదు. కౌంటర్లో అమ్మాయి గ్రిల్డ్ చీజ్ అనగానే ఇంకో మాట లేకుండా నొక్కేసింది, ఉల్లిపాయ కావాలా, ఇక్కడే తింటారా అని మాత్రం అడిగి నంబరు చీటీ చేతిలో పెట్టింది.

నంబరు పిలిచేదాకా వంటగది చూస్తూ నిలబడ్డాను, అంతా ఎదురుగానే కనిపిస్తుంది. తెల్ల చొక్కా, ఎర్ర ఏప్రన్, నెత్తిన కాగితం టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు కట్టర్‌లో ఒక్కో బంగాళాదుంప నిలబెట్టి పిడి కిందికి లాగుతున్నాడు, లాగిన ప్రతిసారీ ముక్కలు గుత్తిగా కింద టబ్బులో పడుతున్నాయి. ఫ్రోజెన్ ముక్కలు వాడరు, షాపులోనే కోసి పొద్దుతిరుగుడు నూనెలో వేయిస్తారు. ఆ వేళప్పుడు కూడా లైను తలుపు దాకా ఉంది, అయినా లోపల ఎవరూ ఎవరినీ కసురుకోవడం లేదు.

నేనూ ఒకరి కింద పనిచేసేవాణ్ణే కాబట్టి నాకు ఆ విషయమే మనసుకి పట్టింది. ఇది ఫ్రాంచైజీలు ఇవ్వని కంపెనీ, అంటే షాపులన్నీ బయటివాళ్ళకి ఇవ్వకుండా తనే నడుపుకుంటుంది. మేనేజర్లు చాలావరకు లోపల కింది నుంచి పైకి వచ్చినవాళ్ళే, వాళ్ళ జీతం సగటున ఏడాదికి 1,60,000 డాలర్లకు పైనే అని 2018లో పత్రికల్లో వచ్చింది. పెద్ద ఫాస్ట్‌ఫుడ్ చెయిన్ల ఉద్యోగులకి గంటకి కనీసం 20 డాలర్లు ఇవ్వాలని కాలిఫోర్నియాలో చట్టం అమల్లోకి వచ్చింది 2024 ఏప్రిల్‌లో, వీళ్ళకి అంతకు చాలా ముందు నుంచే కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తారన్న పేరుంది. మాట తడబడే కొత్తవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడాలంటే పనిచేసే మనిషి కడుపు నిండాలి, చేతిలో పని తేలిగ్గా ఉండాలి. చిన్న మెనూ, మంచి జీతం, ఆ ఓపిక వెనక ఈ రెండూ ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ఇక తిండి సంగతి. గ్రిల్డ్ చీజ్ అంటే కాల్చిన బన్నులో కరిగిన చీజ్, టొమాటో, లెట్యూస్, వాళ్ళ సాసు. వేడిగా, నిండుగా ఉంది, మాంసం లేదన్న లోటే తెలియలేదు. ఆ సాసుని వాళ్ళు 'స్ప్రెడ్' అంటారు, అందులో గుడ్డు ఉంటుంది, గుడ్డు తిననివాళ్ళు 'నో స్ప్రెడ్' అని చెప్పాలి. ఫ్రైస్ మామూలుగా అడిగితే తొందరగా మెత్తబడతాయి, 'వెల్ డన్' అంటే కరకరలాడేలా వేయిస్తారు. పచ్చిమిరపకాయల ఊరగాయలాంటిది ఊరికే ఇస్తారు, అడగాలంతే.

ఫ్రైస్ అన్నిచోట్లా శాకాహారమే అనుకోకండి. మెక్‌డొనాల్డ్స్ ఇక్కడ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ వాడుతోందని 2001లో శాకాహారులు, హిందువులు కోర్టుకెక్కారు, 2002లో కంపెనీ కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ఫ్లేవర్ అమెరికాలో ఇప్పటికీ ఉంది. కాబట్టి ఎక్కడికెళ్ళినా మొహమాటపడకుండా అడగండి, ఇక్కడ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రాత్రి షిఫ్టులవాళ్ళకి, రోజంతా బండి నడిపేవాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. కారులోనే తింటామంటే కవర్లో కాకుండా పైన తెరిచి ఉన్న అట్టపెట్టెలో సర్ది, ఒళ్ళో పరుచుకోడానికి కాగితం కూడా ఇస్తారు.