మిర్చి రేట్ల చార్ట్: మూడో వారం

బాబాయి నోటుబుక్‌లోని మిర్చి యార్డు రేట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం అయిపోయింది. రెండేళ్లవి, తేజ రకం ఒక్కటే, రోజుకు కనిష్ఠం, గరిష్ఠం. మొత్తం 412 వరుసలు. ఇంత చిన్న డేటాకి చార్టులు గీసే ఏ కోడ్ లైబ్రరీ అయినా వేగంగానే నడుస్తుంది, కాబట్టి ఆ లెక్క పక్కన పెట్టేశాను.

డీ3తో మొదలుపెట్టి రెండు రాత్రులకే ఆపేశాను. దాంతో ఏదైనా గీయొచ్చు, కానీ యాక్సిస్ దగ్గర్నుంచి అన్నీ మనమే పేర్చుకోవాలి. ఆఫీసు అయ్యాక నాకు దొరికే గంటన్నరలో అది తెమలదు. తర్వాత ఈచార్ట్స్. చూడముచ్చటగా ఉంది, కింద జూమ్ పట్టీ కూడా ఇస్తుంది. అదే ఖాయం అనుకున్నాను.

ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చిన బాబాయికి ఫోన్‌లో చూపించాను. మే నెల మీద వేలు పెట్టి, "యార్డుకి వేసవి సెలవులు కదరా, అప్పుడు రేటెక్కడిది?" అన్నాడు. నిజమే. సెలవులకు ముందు చివరి రేటునీ, తెరిచాక తొలి రేటునీ కలుపుతూ గీత నున్నగా దిగిపోతోంది. కోల్డ్ స్టోరేజీలో బస్తాలున్న రైతు అది చూస్తే, రేటు రోజూ కాస్త కాస్త తగ్గిందనుకుంటాడు. ఆ రోజుల్లో అసలు యార్డే తెరవలేదు.

అలాగని సెలవు వచ్చినప్పుడల్లా గీత తెంపితే, శని, ఆదివారాలు యార్డు ఉండదు కాబట్టి వారానికో ముక్క అవుతుంది. ఈచార్ట్స్‌లో ఖాళీలు కలపాలా వద్దా అన్నదానికి అవును, కాదు రెండే. తెగాల్సిన చోటల్లా ఖాళీ విలువ నేనే చొప్పించాలి. చార్ట్.జేఎస్‌లో స్పాన్‌గ్యాప్స్ అనే సెట్టింగ్‌కి ఒక అంకె ఇవ్వొచ్చు, ఎడం అంతకు మించితేనే గీత తెగుతుంది. టైమ్ యాక్సిస్ మీద అది మిల్లీసెకన్లలో. నాలుగు రోజులకి 34,56,00,000 ఇచ్చాను. శుక్రవారం నుంచి సోమవారానికి మూడు రోజులే. సోమవారం పండగొచ్చినా నాలుగే, అదీ కలుస్తుంది. మే దగ్గర మాత్రం తెగింది. అక్కడ ఖాళీ చూడగానే ప్రాణం లేచొచ్చింది. చార్ట్.జేఎస్ ఖాయం చేశాను.

కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య రంగుకి రెండో గీత ఫిల్ సెట్టింగ్‌లో '-1' (అంటే ముందు గీత వరకు) రాస్తే చాలు. తేదీలను అర్థం చేసుకునే అడాప్టర్ (చిన్న జోడింపు కోడ్) వేరే పెట్టుకోవాలి. డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్ అనే తేదీల లైబ్రరీది పెట్టాను, నెలల పేర్లు తెలుగులో వస్తాయి.

ఇబ్బంది పెట్టింది ఫాంటే. మండలి అనే తెలుగు ఫాంట్ దిగేలోపే చార్ట్ గీసేస్తోంది. 'క్వింటా రేటు' ముందు ఫోన్ ఫాంట్‌లో పడి, వేలు తగలగానే మారిపోతోంది. ఫాంట్ లోడ్ అయ్యాకే చార్ట్ గీసేలా మార్చాక కుదిరింది.

ఒక రోజు గీత కొండలా లేచింది. నోటుబుక్ తీసి చూస్తే అక్కడున్నది 13 వేలు, నేను కొట్టింది 18 వేలు. పెన్సిల్ రాత కదా, 3 చుట్టుకుపోయి 8లా ఉంది. మిగతా పేజీల్లోని 3లు, 8లు శనివారం బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడాలి.