640 గజాల దూరంలో ఎల్క్, వద్దన్న గైడ్

వేట గురించి నాకు తెలిసిందల్లా కన్నప్ప కథే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదాకి వేటాడితే జైలే కాబట్టి, చూసే అవకాశం కూడా రాలేదు. అలాంటిది పోయిన అక్టోబర్‌లో మావాడు ఫోన్ చేసి, "వయోమింగ్‌లో ఎల్క్ లైసెన్స్ లాటరీలో తగిలింది, తోడు రా, నువ్వు తుపాకీ ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. వాడు ఆ లాటరీలో ఛాన్స్ పెంచే పాయింట్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకుంటున్నాడులెండి. సరే అన్నాను. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక, మగది మూడు వందల కిలోలు కూడా తూగుతుంది.

డెన్వర్ నుంచి డుబోయిస్ అనే చిన్న ఊరికి కార్లో ఏడు గంటలు పట్టింది. లారమీ దాటాక ఎడమవైపు ఎల్క్ మౌంటెన్ కనిపిస్తే మావాడు కారు స్లో చేసి మరీ చూపించాడు. ఆ ప్రాంతంలో భూమి చదరంగం బల్లలా ఉంటుంది, మైలు పొడవు మైలు వెడల్పు గడుల్లో ఒకటి ప్రైవేటు, పక్కది ప్రభుత్వానిది. 1860లలో రైల్వే కంపెనీలకి ఒకటి విడిచి ఒకటి ఇచ్చిన పుణ్యం. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు రెండు ప్రభుత్వ గడుల మూలలు కలిసేచోట ఇనప నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా దాటారు. ప్రైవేటు గడి మీద గాల్లోంచి దాటినా అక్రమ ప్రవేశమేనంటూ కేసులు నడిచి నడిచి 2025లో అప్పీల్ కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఫోన్లో జీపీఎస్ మ్యాప్ లేకపోతే ఆ మూల ఎక్కడుందో వాళ్లు అంత కచ్చితంగా పట్టుకోగలిగేవాళ్లా?

మేం వెళ్లింది వాషకీ విల్డర్‌నెస్‌కి, అంటే రోడ్లు, బళ్లు లేకుండా ప్రభుత్వం కాపాడే అడవికి. ఇలాంటి అడవుల్లో బయటి రాష్ట్రం వాళ్లు పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ గానీ, స్థానికుడు గానీ వెంట ఉండాలని వయోమింగ్ చట్టం. అదే అడవిలో ఉత్తినే నడవడానికి ఎవరూ అక్కర్లేదు. గైడ్ల పొట్ట నింపడానికే ఈ రూలు పెట్టారని బయటివాళ్లు తిట్టుకుంటారు. మావాడూ దారిపొడుగునా తిట్టాడు.

మా గైడ్‌కి అరవై దాటాయి. తండ్రీ ఇదే పని చేశాడట. గుర్రాల మీద ఐదు గంటలు లోపలికి తీసుకెళ్లాడు, దిగాక నా తొడలు నావి కావు. క్యాంపులో తిండి మొత్తం ఎలుగుబంట్లకి అందకుండా కర్రలకి ఎత్తుగా వేలాడదీశారు. ఇక్కడివి గ్రిజ్లీలు, 1975లో చట్టరక్షణ కిందికి వచ్చాయి. ఇప్పుడు తుపాకీ చప్పుడు వినపడితే భోజనం గంట కొట్టినట్టు వచ్చేస్తాయని మా గైడ్ అన్నాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

పొయ్యి దగ్గర కూర్చుంటే బాగా మాట్లాడేవాడు. వెనకటి రోజుల్లో వచ్చినవాళ్లు ఎల్క్ కూత విని, వారం రోజులు గుర్రం ఎక్కి, ఏదీ దొరక్కపోయినా సంతోషంగా వెళ్లేవాళ్లట. ఇప్పుడు గుర్రం దిగకముందే ఫోన్లో శాటిలైట్ బొమ్మ చూపించి, ఆ లోయకి ఎందుకు తీసుకెళ్లట్లేదని అడుగుతారట. అందరూ చూసేది అదే బొమ్మ, అందరూ పొడిచేది అదే చుక్క! 1995లో యెల్లోస్టోన్‌కి తోడేళ్లని తిరిగి తెచ్చాక ఎల్క్ కూయడం తగ్గించాయని కూడా అంటాడు. అది నిజమో, వయసు మీద పడ్డ చెవుల మాటో నేను చెప్పలేను. ఫోన్ని మాత్రం పూర్తిగా తిట్టడు. సరిహద్దు ఎక్కడో తేల్చుకోవడానికి ఒకప్పుడు సగం రోజు పోయేదట.

మూడో రోజు సాయంత్రం ఎదురు వాలులో మగ ఎల్క్ కనబడింది. మావాడు రేంజ్‌ఫైండర్ పెట్టి చూశాడు, 640 గజాలు. వాడి రైఫిల్ స్కోప్ మీద మర తిప్పితే ఆ దూరానికి సరిపోతుంది, షూటింగ్ రేంజ్‌లో వెయ్యి గజాల దూరాన పెట్టిన ప్లేట్లు కొట్టినవాడు. పడుకుని గురి కూడా చూసుకున్నాడు. అప్పుడు గైడ్ గాలి ఎటుందో చూడటానికి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి నొక్కాడు. తెల్లటి పొడి పొగలా లేచి ఎడమకి పోయింది. తర్వాత బైనాక్యులర్స్ నాకిచ్చి, దాని పక్కన గడ్డి చూడమన్నాడు. అక్కడ గడ్డి కుడికి వాలుతోంది.

"వద్దు" అన్నాడు.

మావాడికి తిక్క రేగింది. డబ్బు కట్టింది నేను, లైసెన్స్ నాది, నేను కొట్టగలను అన్నాడు. గైడ్ గొంతు పెంచలేదు. గుండు అక్కడికి చేరడానికి దాదాపు సెకను పడుతుంది, ఆలోగా అది ఒక్క అడుగు వేస్తే గుండెకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది, ఇంకో ముప్పావు గంటలో చీకటి, మధ్యలో ఈ లోయ. "డబ్బు కట్టావు, నిజమే. కానీ గాయపడ్డదాన్ని రేపు ఎలుగుల మధ్య వెతకాల్సింది నేను" అన్నాడు. ఈలోగా ఎల్క్ నింపాదిగా చెట్లలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి డేరాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నాకైతే పెళ్లింట్లో అలకపాన్పు దగ్గర కూర్చున్నట్టుంది.

నాలుగో రోజు మంచు, ఏమీ లేదు. ఐదో రోజు తెల్లవారుజామున గాలికి ఎదురుగా గంటన్నర పాకి, నడిచి, మళ్లీ పాకి, 190 గజాల్లో ఇంకో మగదాన్ని చేరాం. ఒక్కటే దెబ్బ. నేను మాత్రం తల తిప్పుకున్నాను, దాచేదేముంది.

అసలు పని ఆ తర్వాతే. మావాడు లైసెన్స్‌తో వచ్చిన కూపన్ మీద సంతకం పెట్టి తేదీ కోసి కళేబరానికి కట్టాడు. గైడ్ ఒకవైపు చర్మం ఒలిచి, పొట్ట తెరవకుండానే తొడ, జబ్బ, వెన్నుమాంసం విడదీసి గుడ్డ సంచుల్లోకి వేశాడు. మాంసం వదిలేసి కొమ్ములు మాత్రం పట్టుకుపోతే ఇక్కడ నేరం. ఎలుగుల్ని తరిమే బేర్ స్ప్రే పట్టుకుని చుట్టూ చూడటం నా డ్యూటీ. పది నిమిషాల్లో బొంతకాకులు చేరాయి, అవి అరిచినప్పుడల్లా నాకు టెన్షన్. తర్వాత గొంతు వెనకనుంచి రెండు గ్రంథులు కోసి విడిగా పెట్టాడు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ పరీక్షకి. 1967లో కొలరాడోలో మొదట బయటపడ్డ జింకల జబ్బు అది, మెదడుని జల్లెడ చేసేస్తుంది. వాళ్ల నాన్న నేర్పిన కోతల్లో ఈ కోత లేదట.

చివర్లో పైదవడ నుంచి రెండు పళ్లు ఊడబెరికి, మంచుతో తుడిచి మావాడి చేతిలో పెట్టాడు. ఎల్క్‌కి ఆ రెండూ దంతంలా ఉంటాయి, చింతగింజంత, గోధుమరంగు చారతో. మావాడు గైడ్ భుజం మీద చెయ్యి వేసి సారీ చెప్పాడు. ఆయన కత్తి తుడుచుకుంటూ తలూపాడు, అంతే.

కంచరగాడిదల మీద మాంసం వేసుకుని దిగేసరికి సాయంత్రమైంది. కారు దగ్గర సిగ్నల్ రాగానే మావాడి ఫోన్ టింగు టింగుమని మోగడం మొదలైంది. వెంటనే ఫోటో పెట్టబోయాడు. గైడ్ గుర్రం జీను విప్పుతూనే, "లొకేషన్ తీసేశావా?" అన్నాడు. మావాడు తీసేశానన్నాడు. ఆయన నమ్మినట్టు లేదు, జీను కింద పెట్టి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసుకుని తనే చూసుకున్నాడు. వెనక కొండ శిఖరం కనిపిస్తోందని ఆ ఫోటో వద్దని ఇంకోటి ఎంచాడు.