ఏబీఎస్ లైటు వెలిగిందా? మాడ్యూల్ కొనేముందు చక్రం దగ్గర చూడండి

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టె మాడ్యూల్. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగి ఆరకపోతే, చాలామందికి మొదట వినిపించే మాట "మాడ్యూల్ పోయింది, మార్చాలి" అని. బ్రేకు వ్యవస్థ మొత్తంలో అత్యంత ఖరీదైన భాగాల్లో అదొకటి. లోపం మాత్రం ఎక్కువసార్లు చక్రం దగ్గరే ఉంటుంది. చక్రం వేగాన్ని కొలిచే సెన్సరో, దాని వైరో, చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కి వేగం తెలిపే టోన్ రింగో. నీళ్లు, బురద, బ్రేకుల వేడి, గుంతల కుదుపు అన్నీ పడేది అక్కడే కదా.

పసుపు లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారే ప్రమాదం ఉంది కాబట్టి నెమ్మదిగా నడపాలి. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే, హ్యాండ్‌బ్రేకు దించే ఉందేమో చూడండి, దించి ఉన్నా లైటు ఆరకపోతే బండి కదపొద్దు. ఫ్లూయిడ్ కారి ఉండొచ్చు, లేదా ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు పోయి ఉండొచ్చు.

ఖర్చు లేనివి ముందు చూసేయండి. బ్యాటరీ ఇంజన్ ఆపినప్పుడు 12.4 నుంచి 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.5 పైన చూపించాలి. వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ తనంతట తానే పని మానేసి లైటు వెలిగిస్తుంది. చాలా బండ్లలో ఏబీఎస్‌కి ఫ్యూజు ఒక్కటే ఉండదు. పంపు మోటారుకి, వాల్వులకి, మాడ్యూల్‌కి వేర్వేరుగా ఉంటాయి, అన్నీ చూడాలి. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, గాలి సమానంగా ఉందా అన్నదీ ముఖ్యమే. చక్రాల వేగాల్లో తేడా వస్తే మాడ్యూల్‌కి అది లోపంలాగే కనబడుతుంది.

ఇక స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం. చవక రీడర్లలో చాలావాటికి ఇంజన్ కోడ్‌లే అందుతాయి, 'సీ' అక్షరంతో మొదలయ్యే బ్రేకు కోడ్‌లు అందవు. ఏబీఎస్ చదవగలిగేదే కావాలి. కోడ్ చెప్పేది ఏ చక్రం సర్క్యూట్‌లో తేడా ఉందన్నది మాత్రమే, ఏ భాగం మార్చాలో చెప్పదు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే: "ఎడమ ముందు సెన్సర్" అని కోడ్ రాగానే సెన్సర్ కొనేస్తారు, అసలు దోషం వైరుది. కోడ్ కన్నా లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా స్కానర్ చూపే చక్రాల వేగాలు, మేలు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద తిన్నగా 20, 30 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ నాలుగు చక్రాల అంకెలు చూడమనండి. ఒకటి ఉన్నట్టుండి సున్నాకి పడిపోయినా, మిగతా మూడింటికన్నా ముందే ఆగిపోయినా అదే చక్రం.

సెన్సర్ పరీక్షకి ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి. పాత రకం తీగచుట్ట సెన్సర్ అయితే కనెక్టర్ విప్పి ఓమ్‌లు కొలవొచ్చు. చాలావాటిలో సుమారు 800 నుంచి 2,500 మధ్య వస్తుంది. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి చక్రాన్ని చేత్తో సెకనుకి ఒక చుట్టు తిప్పితే చిన్న వోల్టేజీ రావాలి. కొత్త బండ్లలో ఉండే, మాడ్యూల్ ఇచ్చే కరెంటుతో పనిచేసే యాక్టివ్ సెన్సర్‌ని ఓమ్‌లతో కొలవకూడదు, కొలిచినా ఏమీ తేలదు, చెడిపోయే అవకాశమూ ఉంది. దానికి ఇగ్నిషన్ ఆన్ చేసి, మాడ్యూల్ వైపు నుంచి సప్లై వస్తోందా అని చూడాలి. కొన్ని మాడ్యూళ్లు సర్క్యూట్ తెగిందని పసిగట్టి సప్లై ఆపేస్తాయి, అందుకే కీ తిప్పిన వెంటనే మీటరు చూడండి. ఇవన్నీ సెన్సర్‌ని ఊడదీయకుండానే చేయండి. తుప్పుకి బిగిసిపోయిన సెన్సర్ లాగితే విరుగుతుంది, బాగున్నదీ పోతుంది.

వైరు విషయంలో ఓపిక కావాలి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ముందు చక్రం వైరు వంగుతుంది. పైన రబ్బరు నున్నగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగి ఆకుపచ్చగా మారి ఉంటాయి. మీటరు తగిలించి, వైరుని బ్రాకెట్ దగ్గర వంచుతూ అంకె ఎగిరిపడుతోందేమో చూడండి.

ఆగబోయే ముందు, 10 కిలోమీటర్ల లోపు వేగంలో, పొడి రోడ్డు మీద కూడా పెడల్ కాలి కింద టకటక కొట్టుకుంటోందా? టోన్ రింగ్ పగిలిందేమో, లేదా సెన్సర్ కింద తుప్పు పొరలుగా ఉబ్బి దాన్ని పైకి ఎత్తేసిందేమో చూడాలి. రింగుకీ సెన్సర్‌కీ మధ్య ఉండాల్సిన సందు చాలా బండ్లలో మిల్లీమీటరుకి అటూ ఇటూ, అంతే. సెన్సర్ కూర్చునే చోటు వైరు బ్రష్‌తో గీకి శుభ్రం చేస్తే చాలాసార్లు కొత్త భాగమే అక్కర్లేదు. ఈమధ్యే బేరింగ్ మార్చాక లైటు వెలిగితే, బేరింగ్‌లోనే టోన్ రింగు పనిచేసే అయస్కాంత రింగు ఉంటే, అది ఉన్న వైపు సెన్సర్ వైపుకే ఉందా అని అడగండి. తిరగేసి బిగిస్తే సిగ్నల్ రాదు.

ఇవన్నీ దాటాకే మాడ్యూల్‌ని అనుమానించాలి. అప్పుడూ దాని కనెక్టర్ దగ్గర సప్లై, ఎర్త్ రెండూ టెస్ట్ ల్యాంపుతో లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా చూడండి, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు మీటరుకి బాగానే కనిపిస్తుంది. పంపు మోటారు కోడ్ వస్తుంటే లోపలి టంకం విడిపోయి ఉండొచ్చు, అది బాగుచేయించగలిగే పనే. చాలా బండ్లలో ఎలక్ట్రానిక్ పెట్టెని బ్రేకు పైపులు విప్పకుండానే వేరుచేయొచ్చు. అలా అయితే బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే పని కూడా ఉండదు. వాడిన మాడ్యూల్ తెస్తే మీ బండికి కోడింగ్ చేయాల్సి రావొచ్చు, కొనేముందే అది కుదురుతుందా కనుక్కోండి.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపేసి కాస్త దూరం నడపండి. కొన్ని బండ్లలో చక్రాల సిగ్నల్ సరిగ్గా వస్తోందని మాడ్యూల్ నిర్ధారించుకున్నాకే లైటు ఆరుతుంది. నిలబడి ఉన్న బండిలో ఆరలేదని మళ్లీ అన్నీ విప్పడం మొదలుపెట్టకండి.